ఒక్కోసారి మాత్రమే మొరాయించే కారు: స్టార్టింగ్ లోపాన్ని పట్టుకునే తీరు

పూర్తిగా ఆగిపోయిన కారులో లోపం కనిపెట్టడం అనుభవం ఉన్న మెకానిక్‌కు పెద్ద పని కాదు. తాళం తిప్పితే ఉలుకూ పలుకూ లేని బండికి మీటరు పెడితే లోపం అక్కడికక్కడే బయటపడుతుంది. కష్టమంతా ఒక్కోసారి మాత్రమే ఆలస్యంగా స్టార్టయ్యే కారుతోనే వస్తుంది. ఉదయం ఇంటి ముందు నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టించుకున్న బండి, షెడ్డుకు చేరేసరికి ఇంజిను వేడెక్కి, బ్యాటరీ కొంత చార్జి అయి, మెకానిక్ చేతిలో మొదటి సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. అప్పుడు ఆయన చెప్పగలిగేది రెండే మాటలు: లోపమేమీ కనిపించడం లేదని, లేదా బ్యాటరీ మార్చి చూద్దామని. బ్యాటరీ మార్చాక పది రోజులకు మళ్లీ అదే బాధ మొదలైతే సెల్ఫ్ మోటారు, ఆ తరువాత పెట్రోలు పంపు, ఇలా ఒక్కొక్క భాగం మారుతూ పోతుంది. డబ్బు ఖర్చవుతుంది, లోపం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ పరిస్థితికి కారణం మెకానిక్ అసమర్థత కన్నా, యజమాని తన దగ్గరున్న అతి విలువైన సమాచారాన్ని గమనించకపోవడమే. ‘ఒక్కోసారి’ అంటే సరిగ్గా ఎప్పుడు అన్న ప్రశ్నకు స్పష్టమైన జవాబు దొరికితే, లోపం ఎక్కడుందో సగం తెలిసినట్టే.

అన్నిటికన్నా ముందు చెవితో తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ‘స్టార్టు కావడానికి టైము పడుతోంది’ అనే ఒక్క మాట కింద రెండు వేరువేరు జబ్బులు దాగి ఉంటాయి. మొదటిదానిలో సెల్ఫ్ మోటారే బరువుగా, ఈడ్చుకుంటున్నట్టు తిరుగుతుంది. రెండోదానిలో సెల్ఫ్ చురుగ్గా, మామూలు వేగంతోనే తిరుగుతుంది కానీ ఇంజిను అందుకోదు. మూడు నాలుగు సెకన్లు, కొన్నిసార్లు పది సెకన్లు తిరిగాక గాని స్టార్టు కాదు. మొదటిది విద్యుత్తుకు సంబంధించిన లోపం: బ్యాటరీ, వైర్లు, టెర్మినళ్లు, సెల్ఫ్ మోటారు. రెండోది ఇంధనానికి, మంటకు, సెన్సార్లకు సంబంధించినది. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతున్న బండికి కొత్త బ్యాటరీ వేయడమంటే జ్వరానికి కట్టు కట్టినట్టే. ఈ తేడాను ఫోనులో రికార్డు చేసి వినిపించినా మెకానిక్ పని సగానికి సగం తగ్గుతుంది.

సెల్ఫ్ తిరగడమంటే ఏమిటో కొన్ని అంకెలతో చూస్తే లోపాలు ఎక్కడ పుట్టగలవో అర్థమవుతుంది. చిన్న పెట్రోలు కారు ఇంజినును నిమిషానికి సుమారు 200 చుట్లు తిప్పడానికి సెల్ఫ్ మోటారు 150 ఆంపియర్ల దాకా కరెంటు లాగుతుంది. డీజిల్ ఇంజినుకు ఒత్తిడి ఎక్కువ గనుక ఇంకా ఎక్కువ కావాలి. కారులో మరే పరికరమూ ఇంత కరెంటు తీసుకోదు. హెడ్‌లైట్లు రెండూ కలిసి పది ఆంపియర్ల చుట్టుపక్కలే వాడతాయి. అందుకే ‘లైట్లు బాగా వెలుగుతున్నాయి, హారను మోగుతోంది, కాబట్టి బ్యాటరీ బాగుంది’ అన్న వాదన నిలబడదు. 1912 నాటి కాడిలాక్ కార్లలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ సెల్ఫ్ వచ్చేదాకా, ఆ పని చేసింది మనిషి భుజబలం. ముందు హ్యాండిల్ పెట్టి ఇంజినును తిప్పినవారికి ఆ బరువు ఎంతో బాగా తెలుసు.

సెల్ఫ్ బరువుగా తిరుగుతున్నప్పుడు మొదటి అనుమానం బ్యాటరీ మీదికే పోవడం సహజం; చాలాసార్లు న్యాయం కూడా. అయితే మన ప్రాంతంలో బ్యాటరీ దెబ్బతినే తీరు చలిదేశాల తీరుకు భిన్నమైనది. అక్కడ గడ్డకట్టే చలిలో రసాయన చర్య మందగించి బ్యాటరీ మొండికేస్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో 45 డిగ్రీలు దాటినప్పుడు బానెట్ కింద వేడి దానికన్నా చాలా ఎక్కువ ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది రసాయన శాస్త్రంలో స్థూలమైన లెక్క. ఆ చర్యల్లో బ్యాటరీ ప్లేట్లను తినేసేవీ ఉంటాయి, నీటిని ఆవిరి చేసేవీ ఉంటాయి. అలా నీరసించిన బ్యాటరీ వేసవిలో ఎలాగో నెట్టుకొస్తుంది, ఎందుకంటే వేడిలో ఇంజిన్ ఆయిలు పలచబడి ఇంజిను తేలికగా తిరుగుతుంది. ఆదిలాబాదులోనో లంబసింగిలోనో డిసెంబరు తెల్లవారుజామున ఆయిలు చిక్కబడి, బ్యాటరీ శక్తి తగ్గినప్పుడు లోపం బయటపడుతుంది. దెబ్బ మేలో తగులుతుంది, నొప్పి డిసెంబరులో తెలుస్తుంది. యజమాని మాత్రం చలినే నిందిస్తాడు.

ఊహ అక్కర్లేకుండా కొలిచి చూడడానికి కొన్ని వందల రూపాయల మల్టీమీటరు చాలు. రాత్రంతా ఆగి ఉన్న కారుకు ఉదయం తలుపు తీయగానే కాక, బానెట్ తెరిచి లైట్లన్నీ ఆరిన తరువాత బ్యాటరీ వోల్టేజీ చూడాలి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం ఖాళీ అయినట్టు. 12 లోపు ఉంటే దాదాపు అడుగంటినట్టు. ఇప్పుడే తిరిగి వచ్చి ఆపిన బండికి ఈ కొలత పనికిరాదు, ఎందుకంటే చార్జి అయిన వెంటనే మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. రెండో కొలత సెల్ఫ్ తిరుగుతుండగా తీసుకోవాలి: అప్పుడు వోల్టేజీ 9.6 కన్నా దిగువకు పడిపోతే, ముందటి కొలత ఎంత బాగున్నా, బ్యాటరీలో సత్తువ లేదన్నమాట. మూడోది ఇంజిను నడుస్తుండగా. అది సాధారణంగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. 13 కూడా దాటకపోతే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు, దాని బెల్టు చూడవలసి వస్తుంది. కొత్త కార్లలో చార్జింగును కంప్యూటరు అవసరాన్నిబట్టి పెంచి తగ్గిస్తుంది గనుక ఈ మూడో అంకె కాస్త అటూ ఇటూ ఊగితే కంగారు పడనక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఇంజిను తనంతట తాను ఆగి, మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటున్న కార్లకు, తరచూ స్టార్టు చేయడాన్ని తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ కంపెనీ నుంచే వస్తుంది. ధర తక్కువని వాటి స్థానంలో మామూలు బ్యాటరీ వేస్తే అది త్వరగా చతికిలబడుతుంది.

బ్యాటరీ బాగున్నా సెల్ఫ్ ఒకరోజు చురుగ్గా, మరొకరోజు నీరసంగా తిరుగుతుంటే చూపు టెర్మినళ్ల వైపు, ఎర్త్ వైరు వైపు మళ్లాలి. మన షెడ్లలో అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురవుతున్నవి ఇవేనని చెప్పక తప్పదు. బ్యాటరీ పోలు మీద తెల్లగానో పచ్చగానో పేరుకున్న పొడి, వదులైన క్లాంపు, తుప్పుపట్టిన బోల్టు వల్ల ఆ కీలులో 0.01 ఓము నిరోధం ఏర్పడిందనుకుందాం. వినడానికి అది లెక్కలోకి రానంత చిన్నది. కానీ దాని గుండా 150 ఆంపియర్లు ప్రవహించినప్పుడు 1.5 వోల్టులు అక్కడే పోతాయి, బ్యాటరీ 10.5 వోల్టులు ఇస్తున్నా సెల్ఫ్ మోటారుకు చేరేది 9 మాత్రమే. అంతేకాక ఆ చిన్న కీలులో 225 వాట్ల వేడి పుడుతుంది. అందుకే కొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టించి, వెంటనే రెండు టెర్మినళ్లనూ ఒకదాని తరువాత ఒకటి వేలితో జాగ్రత్తగా తాకి చూస్తే, లోపం ఉన్నది వెచ్చగా తగులుతుంది. వేడికి వ్యాకోచించి, అదురుకు కదిలి, వానాకాలపు తేమకు తుప్పుపట్టి ఈ కీలు ఒక్కో పూట ఒక్కో విధంగా ప్రవర్తిస్తుంది. ‘ఒక్కోసారి’ అన్న ఫిర్యాదుకు ఇంతకన్నా బాగా అతికే కారణం మరొకటి లేదు.

ఎర్త్ వైరు సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. ఇంజిను కారు శరీరానికి నేరుగా అంటుకొని ఉండదు, రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. కాబట్టి సెల్ఫ్ మోటారులోకి వెళ్లిన కరెంటు బ్యాటరీకి తిరిగి రావాలంటే ఇంజినును, బాడీని, నెగెటివ్ టెర్మినల్‌నూ కలిపే అల్లిక వైరే దారి. అది చీలికలైనా, బోల్టు దగ్గర పెయింటు మీదో తుప్పు మీదో బిగించినా సెల్ఫ్ నీరసపడుతుంది. దీన్ని పట్టుకోవడానికి మీటరు ఒక ముల్లును బ్యాటరీ నెగెటివ్ పోలు మీద, రెండోదాన్ని ఇంజిను శుభ్రమైన లోహం మీద ఉంచి సెల్ఫ్ కొట్టించాలి. 0.2, మహా అయితే 0.3 వోల్టులకు మించి కనిపిస్తే వైరులోనో దాని కీళ్లలోనో లోపముంది. ఇలాగే పాజిటివ్ పోలుకు, సెల్ఫ్ మోటారు మీది లావు బోల్టుకు మధ్య అర వోల్టు దాటకూడదు. టెర్మినళ్లు ఊడదీసి వేడినీటితో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, ఆరాక బిగించి, పైన పెట్రోలియం జెల్లీ పూయడానికి అరగంట పడుతుంది. ఊడదీసేటప్పుడు నెగెటివ్‌ను ముందు, బిగించేటప్పుడు చివర చూసుకోవాలి. సెల్ఫ్ మోటారును విప్పించే ముందు ఈ పని జరిగిందో లేదో అడిగి తెలుసుకునే హక్కు యజమానికి ఉంది.

నాలుగైదు రోజులు ఆగిన తరువాతే సెల్ఫ్ నీరసంగా తిరుగుతూ, రోజూ తిరిగినన్నాళ్లూ బాగుంటే, ఆగి ఉన్నప్పుడు ఏదో కరెంటు తాగుతోందని అర్థం. గడియారం, అలారం, తాళం గుర్తించే వ్యవస్థ కలిసి కొంత తీసుకోవడం మామూలే. అది 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదని ఎలక్ట్రీషియన్లు లెక్కిస్తారు. ఆ 50 కూడా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లవుతుంది. 35 ఆంపియర్ అవర్ల చిన్న బ్యాటరీలో సగం హరించుకుపోవడానికి పదిహేను రోజులు చాలు. నేరుగా బ్యాటరీకి కలిపిన డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్, బయట బిగించిన స్టీరియో, ఆరకుండా మిగిలిపోయే డిక్కీ లైటు ఈ లెక్కను రెండు మూడు రెట్లు చేస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో వీధివీధినా బ్యాటరీలు చచ్చిపోయినది ఈ కారణంగానే. పిల్లలు విదేశాల్లో ఉండి, తల్లిదండ్రుల ఇంటి ముందు నెలల తరబడి కదలకుండా నిలిచే కార్లకు ఇది ఇప్పటికీ నిత్యసమస్య. అలాంటి ఇళ్లలో రోజూ ఐదు నిమిషాలు ఇంజిను ఆన్ చేసి ఆపడం ఒక అలవాటు. ఒక సెకను సెల్ఫ్‌కు ఖర్చయ్యేది 0.04 ఆంపియర్ అవర్లే గనుక ఆ ఖర్చు ఐదు నిమిషాల్లో తీరిపోవచ్చు. కానీ ఏసీ, లైట్లు వేసి ఐడిల్ మీద నిలిపిన ఇంజిను, ముందే హరించుకుపోయిన బ్యాటరీని నింపలేదు. వారానికొకసారి అరగంటో ముప్పావుగంటో రోడ్డు మీద నడపడం మేలు. అది కుదరకపోతే నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి ఉంచడం అంతకన్నా తేలిక.

బ్యాటరీ, వైర్లు రెండూ పరీక్షకు నిలిచిన తరువాతే సెల్ఫ్ మోటారును అనుమానించాలి. దూరం తిరిగొచ్చి వేడి మీద ఆపినప్పుడు మాత్రమే బరువుగా తిరగడం, ఒక్కోసారి ‘టక్’ మని శబ్దం చేసి ఊరుకోవడం దాని గుర్తులు. లోపల సోలనాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి) కాంటాక్టులు గాని, కార్బన్ బ్రష్‌లు గాని అరిగి ఉంటాయి, వాటిని మార్చగల ఎలక్ట్రీషియన్ దొరికితే మోటారంతా మార్చనక్కర్లేదు.

ఇక రెండో జబ్బు: సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ ఇంజిను ఆలస్యంగా అందుకోవడం. కార్బురేటరు రోజుల్లో ఉదయం చోక్ లాగి స్టార్టు చేసేవారు, ఎంత లాగాలో చేతికి తెలిసేది. ఇప్పుడా పని కంప్యూటరు చేస్తుంది, దానికి చెప్పే సెన్సారు సరిగా ఉంటేనే. ఎంపీఎఫ్‌ఐ (ఒక్కో సిలిండరుకు ఒక్కో ఇంజెక్టరు పెట్రోలు చిమ్మే) పెట్రోలు కార్లలో ట్యాంకులోని పంపు సాధారణంగా 3 నుంచి 4 బార్ల ఒత్తిడితో పెట్రోలును ఇంజెక్టర్ల దాకా నిలిపి ఉంచుతుంది, ఇంజిను ఆపినా ఆ ఒత్తిడి గంటల తరబడి నిలవాలి. పెట్రోలును వెనక్కి పోనివ్వకుండా ఆపే, పంపులోని చెక్ వాల్వు కారిపోతే ఒత్తిడి రాత్రికి రాత్రే జారిపోతుంది, ఉదయం అది మళ్లీ పెరిగేదాకా సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది. దీన్ని పైసా ఖర్చు లేకుండా పరీక్షించవచ్చు. తాళాన్ని ఆన్ దాకా తిప్పి, పంపు రెండు మూడు సెకన్లు సన్నగా మోగి ఆగాక ఆఫ్ చేసి, ఇలా మూడుసార్లు చేసిన తరువాత సెల్ఫ్ కొట్టాలి. బటన్ ఉన్న కార్లలో బ్రేకు, క్లచ్ తొక్కకుండా బటన్ నొక్కి ఆన్ చేస్తే ఇదే పని జరుగుతుంది. అలా చేసినప్పుడు వెంటనే స్టార్టయితే, మామూలుగా చేసినప్పుడు కాకపోతే, ఒత్తిడి నిలవడం లేదన్నది దాదాపు ఖాయం.

సమయం చెప్పే సాక్ష్యం ఇక్కడ మరింత విలువైనది. రాత్రంతా ఆగితే బాగుండి, వేడి మీద ఆపి ఇరవై నిమిషాల తరువాత మాత్రమే ఇబ్బంది పెట్టే ఇంజినులో, కారుతున్న ఇంజెక్టరు సిలిండరును పెట్రోలుతో తడిపేసి ఉండవచ్చు. అప్పుడు స్టార్టు కాగానే పెట్రోలు వాసన, నల్ల పొగ వస్తాయి. చాలా కార్లలో యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే కంప్యూటరు పెట్రోలు ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది, తడిసిన ఇంజిను ఆ విధంగా తేరుకుంటుంది. యాక్సిలరేటరు కొద్దిగా తొక్కితే చాలు స్టార్టవుతుంటే ఇంజినుకు వెళ్లే గాలిని అదుపుచేసే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుందేమో చూడాలి. బంకులో ట్యాంకు నింపించిన వెంటనే మాత్రమే ఆలస్యమవుతుంటే ఆ ఒక్క ఆనవాలే పర్జ్ వాల్వు మూసుకోవడం లేదని చెబుతుంది: ట్యాంకులోని ఆవిరి అదుపు లేకుండా ఇంజినులోకి వెళ్లి మిశ్రమాన్ని చెడగొడుతుంది. ఎండలో చాలాసేపు నడిచి ఆగిన బండి సెల్ఫ్ ఎంత తిరిగినా స్టార్టు కాక, అరగంట చల్లారాక ఏమీ ఎరగనట్టు స్టార్టయితే, ఇంజిను తిరగడాన్ని కంప్యూటరుకు తెలిపే క్రాంక్ సెన్సారు వైపు చూడాలి; సెల్ఫ్ తిరుగుతుండగా ఆర్‌పీఎం ముల్లు అస్సలు కదలకపోవడం దానికి బలమైన గుర్తు. కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సారు తప్పు చెబితే చల్లని ఇంజినును వేడిదనుకుని కంప్యూటరు పెట్రోలు తక్కువ పోస్తుంది. స్కానర్ పెట్టించినప్పుడు, ఉదయం చల్లని ఇంజిను ఉష్ణోగ్రతగా అది చూపే అంకె ఆ పూట గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉందో లేదో చూస్తే విషయం తేలిపోతుంది.

డీజిల్ కార్లలో చలి ఉదయాల్లో ఆలస్యానికి హీటర్ ప్లగ్గులు కారణం కావచ్చు. కానీ తెలుగు నేలలో ఏడాదిలో ఎక్కువ రోజులు వాటి అవసరం పెద్దగా పడదు. ఎండాకాలంలోనూ ఆలస్యమయ్యే డీజిల్ బండిలో హీటర్ ప్లగ్గులు మార్చడం వృథా. నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందే కామన్ రైల్ ఇంజినులో ఒత్తిడి సుమారు 200 బార్ల దరిదాపులకు చేరితే తప్ప కంప్యూటరు నాజిళ్లు తెరవనివ్వదు. పైపుల్లో గాలి పట్టినా, ఫిల్టరులో నీరు నిండినా, అరిగిన నాజిళ్లు డీజిల్‌ను వెనక్కి వదిలేస్తున్నా సెల్ఫ్ వేగంతో ఆ ఒత్తిడి పుట్టదు. ఒక్కో నాజిల్ రిటర్న్ గొట్టానికి ఒక్కో సీసా తగిలించి ఏది ఎక్కువ నింపుతోందో చూసే పరీక్ష మంచి డీజిల్ మెకానిక్‌లందరికీ తెలిసినదే; నాలుగు నాజిళ్లూ ఊడదీసి పంపమనే ముందు ఆ పరీక్ష కోరాలి.

సీఎన్‌జీ కార్లది మరో కథ. వాటిలో చాలావరకు పెట్రోలు మీద స్టార్టయి, కాస్త వేడెక్కాక గ్యాసుకు మారతాయి. గ్యాసే చౌక గనుక పెట్రోలు ట్యాంకును అడుగంటనిచ్చి నెలలు గడిపేవారు ఎక్కువ. పెట్రోలులో మునిగి చల్లబడవలసిన పంపు అలా వేడెక్కి దెబ్బతింటుంది, మిగిలిన కాస్త పెట్రోలు పాతబడి మంటకు లొంగదు. పావు ట్యాంకు పెట్రోలు ఎప్పుడూ ఉంచి, వారానికి కొన్ని కిలోమీటర్లు పెట్రోలు మీద నడపడం ఈ కార్లకు తప్పనిసరి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మీద ఈమధ్య ప్రతి స్టార్టింగ్ సమస్యనూ మోపుతున్నారు. ఇథనాల్ చలిలో పెట్రోలు కన్నా కష్టంగా ఆవిరవుతుందన్నది నిజమే, బ్రెజిల్‌లో ఇథనాల్ మీద నడిచే కార్లకు చలి ఉదయాల కోసం చిన్న పెట్రోలు ట్యాంకు విడిగా పెట్టేవారు. అయితే ఆ ఇబ్బంది ప్రధానంగా అచ్చ ఇథనాల్‌తోనూ నిజమైన చలితోనూ వచ్చేది. హైదరాబాదులో మధ్యాహ్నం మొరాయించే కారుకు దాన్ని కారణంగా చెప్పడం అసలు లోపాన్ని వెతకకుండా వదిలేయడమే. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి, నెలల తరబడి కదలని కారు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం.

స్టార్టయి ఒక సెకనులోనే ఆగిపోతూ, డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మెరుస్తుంటే ఇమొబిలైజర్ తాళాన్ని గుర్తించడం లేదు. రెండో తాళంతో చూడాలి. ఎలుకలు కొరికిన వైర్లు కూడా మన ఊళ్లలో అరుదేమీ కాదు.

లోపం దొరికేదాకా బండిని నెట్టుకురావలసిన రోజుల్లో సెల్ఫ్‌ను ఒకసారికి పది సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో కనీసం అరనిమిషం ఆగాలి. లేకపోతే మోటారు కాలుతుంది. మరో కారు బ్యాటరీతో కలిపేటప్పుడు ఎర్ర కేబుల్‌ను ముందు పాజిటివ్‌లకు, నల్లదాన్ని మంచి బ్యాటరీ నెగెటివ్‌కు తగిలించి, దాని చివరి కొనను ఆగిన కారు బ్యాటరీకి కాక కాస్త ఎడంగా ఇంజిను లోహానికి బిగించాలి. చార్జి అయ్యే బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది, ఆఖరి కీలు దగ్గర రేగే నిప్పురవ్వ దాని పక్కనే ఉండకూడదు.

ఈలోగా డ్యాష్‌బోర్డు అరలో ఒక చిన్న పుస్తకం ఉంచి, ఆలస్యమైన ప్రతిసారీ నాలుగు సంగతులు రాసుకోవాలి: ఎంతసేపు ఆగి ఉన్న తరువాత, ఇంజిను చల్లగానా వేడిగానా, సెల్ఫ్ బరువుగానా చురుగ్గానా, చివరిసారి ఇంధనం పోయించింది ఎప్పుడు. పది పన్నెండు నమోదులయ్యేసరికి ఒక వరుస కనిపిస్తుంది. ఆ వరుస ‘రాత్రంతా ఆగిన తరువాతే’ అని చూపితే, కారును ఉదయం నడుపుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లి ప్రయోజనం లేదు. ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలి, మర్నాడు మొదటి సెల్ఫ్‌ను మీటరు తగిలించిన తరువాతే కొట్టమని మెకానిక్‌కు గట్టిగా చెప్పి రావాలి.